గేట్లు ఎత్తారంట... గేదెల్ని ఎప్పుడు విప్పాలి?

"వదినా, బ్యారేజీ డెబ్బై గేట్లూ ఎత్తేశారంట!"

ఏటా శ్రావణమాసంలో ఏదో ఒక పొద్దున ఈ కేక మా గోడ మీంచి వినబడుతుంది. కేకేసేది పక్కింటి అమ్మాయి, వరసకి మరదలు. టీవీలో స్క్రోలింగ్ చూస్తుంది, గుండె గుభేలుమంటుంది, పరిగెత్తుకొస్తుంది. నేను పాలు పితుకుతూ తలెత్తకుండానే అడుగుతాను, "ఎన్ని అడుగులు ఎత్తారు? ఎంత వదులుతున్నారు?" అని. ఆ రెండూ ఆమెకి తెలియవు. టీవీ వాళ్లు చెబితే కదా.

మాది తోట్లవల్లూరు దిగువన కృష్ణ మధ్యలో ఒక లంక. ఒక పక్క అసలు నది, ఇంకో పక్క పాయ. అరటి, పసుపు, కంద వేస్తాం. నాలుగు గేదెలున్నాయి. మా మామయ్యగారు కాలవ మీద లస్కరుగా, అంటే నీళ్లు వదిలే, కట్టే పనిమీద ఉండేవారు. నీళ్ల లెక్క నాకు నేర్పింది ఆయనే. రోజూ పొద్దున్నే ఒక నోటుబుక్కులో అంకెలు రాసేవారు. ఆయన పోయాక ఆ పుస్తకం నా చేతికొచ్చింది, అలవాటు కూడా దాంతోపాటే వచ్చింది. ఇప్పుడు చుట్టుపక్కల లంకల నుంచి ఫోన్లు, "అక్కా, ఇవాళ కదలాలా, ఉండొచ్చా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఒకచోట రాస్తున్నా.

గోలెం వేరు, గడప వేరు

ముందు ఈ తేడా తెలియాలి. పైనుంచి వస్తే శ్రీశైలం, దాని కింద నాగార్జున సాగర్, సాగర్ నుంచి 115 కిలోమీటర్లకి పులిచింతల, అక్కడినుంచి ఇంకో 85 కిలోమీటర్లకి విజయవాడలో మన ప్రకాశం బ్యారేజీ. వార్తల్లో అన్నిటినీ ఒకే గాటన కట్టి "ప్రాజెక్టులు" అంటారు గానీ వాటి పనులు వేరు.

శ్రీశైలంలో నిండుగా ఉంటే 215 టీఎంసీలు పడతాయి. సాగర్‌లో 312. పులిచింతలలో 45.77. మన బ్యారేజీలో? 3.07. అంతే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే దగ్గర దగ్గర ఒకటిన్నర వాటర్ టిన్ను. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ లెక్కన పావుగంటకి ఒక టీఎంసీ. బ్యారేజీ మొత్తం ఖాళీగా ఉందనుకున్నా, ముప్పావు గంటలో నిండిపోతుంది.

మా మామయ్యగారు దీన్ని ఒక్క మాటలో చెప్పేవారు. సాగర్ గోలెం, బ్యారేజీ గడప. గోలెంలో నీళ్లు పట్టుకోవచ్చు. గడప దగ్గర నీళ్లు కాసేపు ఆగి కాలవల్లోకి మళ్లుతాయి, అంతకుమించి ఏమీ లేదు. 1855లో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో 1957కల్లా ఈ బ్యారేజీ కట్టారు. డెల్టా కాలవలకి నీళ్లెక్కించడానికి కట్టిందే తప్ప వరద ఆపడానికి కాదు. కాబట్టి "బ్యారేజీ వాళ్లు నీళ్లు వదిలి మమ్మల్ని ముంచేశారు" అని ఎవరైనా తిడుతుంటే నాకు నవ్వొస్తుంది. వదలకుండా ఏం చేస్తారు, చెంగులో మూటగడతారా?

డెబ్బై గేట్ల సంగతీ అంతే. డెబ్బై గేట్లూ ఒక్కో అడుగు ఎత్తినా "డెబ్బై గేట్లు ఎత్తారు" అనే అంటారు. వానాకాలంలో అది మామూలు సంగతి. పూర్తిగా ఎత్తేశారంటే మాత్రం నది చేతిలోంచి జారిపోయిందని అర్థం. ఇక పైనుంచి ఎంత వస్తే అంతే కిందికి పోతుంది. అందుకే గేట్ల సంఖ్య వదిలేసి క్యూసెక్కులు అడగండి.

మరి పైనున్న గోలేలు నిజంగా వరద తగ్గిస్తాయా అంటే, తగ్గిస్తాయి. 2009 అక్టోబరు మొదటి వారంలో శ్రీశైలానికి ఒక దశలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చాయి. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాటాయి. కర్నూలు మునిగింది. అవే నీళ్లు మూడు రోజుల తర్వాత, అక్టోబరు 5న, మన బ్యారేజీకి వచ్చేసరికి 11.10 లక్షలయ్యాయి. మధ్యలో పులిచింతల అప్పటికి ఇంకా లేదు. శ్రీశైలం, సాగర్ పట్టుకుని, నిలిపి, మెల్లగా వదలబట్టే వరద ఎత్తు తగ్గి, రోజులు పెరిగాయి. ఆ 25 లక్షలూ ఒక్కసారిగా మా మీద పడి ఉంటే ఇవాళ ఇది రాయడానికి నేనుండేదాన్ని కాదు.

డ్యామ్ వల్ల మనకి దక్కేది టైము. ఆ టైములో మనం ఏం చేశామన్నది మన చేతిలో పని.

2009లో మేం చేసిన తప్పు

చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెబుతా. అక్టోబరు 2న కర్నూల్లో నీళ్లొచ్చాయని టీవీలో చూపిస్తున్నారు. మా దగ్గర ఎండ. ఉతికిన బట్టలు గంటలో ఆరిపోతున్నాయి. మామయ్యగారు ఒక్కరే, "కర్నూల్లో నీళ్లొచ్చాయంటే మనకి మూడు రోజులే గడువు, గేదెల్ని గట్టుకి తోలండి" అన్నారు. మా ఆయన, "పైన సాగర్ ఉంది కదా నాన్నా" అన్నారు. అరటి గెలలు కోతకొచ్చాయి, కూలీలు దొరికారు, రెండు రోజులు గెలలు కోసుకున్నాం.

నాలుగో తేదీ పొద్దున పాయలో ట్రాక్టరు దారి లేదు. లంక మీద నీళ్లు లేవు, ఇంట్లో నీళ్లు లేవు. దారి మాత్రం పోయింది. మనుషుల్ని పడవ మీద చేరవేశారు. గేదెల్ని మాత్రం పడవలో ఎక్కించుకోం అన్నారు. మూడు గేదెలు ఈదుకుంటూ కరకట్ట చేరాయి. చూడిగేదెని మాత్రం, ఎక్కడ కొట్టుకుపోతుందోనని, పాకలోనే గుంజకి కట్టేసి వచ్చాం. తిరిగొచ్చాక పలుపు తాడు గుంజకి అలాగే ఉంది, ముడి కూడా ఊడలేదు.

అందుకే ఇందులో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదొక్కటే. లంకలో ప్రమాదం ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు మొదలవదు, పాయ నిండినప్పుడు మొదలవుతుంది. దారి మునగడమే మనకి వరద. ఇల్లు మునగడం ఆ తర్వాతి సంగతి.

మీ ఊరి మూడు అంకెలు కనిపెట్టండి

అధికారులు బ్యారేజీ దగ్గర దాదాపు 4 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, ఐదున్నర లక్షలు దాటాక రెండోది ఇస్తారు. అవి నది మొత్తానికి పెట్టుకున్న అంకెలు. మీ గుమ్మానికి సరిపోవు. ఒక్కో లంక ఎత్తు ఒక్కోలా ఉంటుంది. మొదటి హెచ్చరిక రాకముందే మా దారి పోతుంది.

మా నోటుబుక్కులో మూడు అంకెలకి ఎర్ర సిరాతో గుండ్రంగా గీతలు గీసి ఉంటాయి. బ్యారేజీ నుంచి 2 లక్షలు దాటి వదిలితే మా పాయలో ట్రాక్టరు దిగదు. నాలుగున్నర లక్షలకి పల్లపు అరటితోటలోకి నీళ్లు వస్తాయి. 7 లక్షలకి మా వాకిట్లోకి వస్తాయి. ఇవి మా అంకెలు. దయచేసి కాపీ కొట్టకండి, మీ ఇంటికి కిలోమీటరు దూరంలో ఉన్న వాళ్లవి కూడా మీకు పనికిరావు.

మీవి కనిపెట్టడం కష్టమేం కాదు. ఊళ్లో పెద్దవాళ్లని అడగండి, 2009లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, 2024లో ఎక్కడిదాకా వచ్చాయో. రామాలయం మెట్టు, బడి గోడ, చింతచెట్టు కొమ్మ, ఇలా ఏదో ఒకటి చెబుతారు. ఆ రోజు బ్యారేజీ అంకె పాత పేపర్లలో ఉంటుంది. చిన్న వరదలకి మీరే రాసుకోవాలి. ఈ ఏడాది దారి మునిగిన రోజు బ్యారేజీ అవుట్‌ఫ్లో ఎంతో రాయండి. రెండేళ్లు రాస్తే మీ మొదటి అంకె మీకు తెలిసిపోతుంది. ఒక జాగ్రత్త చెబుతా. ఇసుక తవ్వకాలవల్ల, కొత్తగా వేసిన బాటలవల్ల, మేటల వల్ల నది అడుగు మారుతూ ఉంటుంది. పదేళ్ల కిందటి అంకె మీద ప్రాణం పెట్టుకోకండి.

సముద్రం దగ్గరున్న దివిసీమ వాళ్లకి ఇంకో లెక్క ఉంది. పోటు సమయంలో నీళ్లు కిందికి దిగవు. అమావాస్యకో పౌర్ణమికో వరద వస్తే వాళ్ల అంకెలు ఇంకా తగ్గించుకోవాలి.

పొద్దున్నే ఏం రాసుకోవాలి

జలవనరుల శాఖ వాళ్ల రిపోర్టు రోజూ పేపర్లో, వాట్సాప్‌లో వస్తుంది. కేంద్ర జలసంఘం వాళ్ల ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ కూడా ఉంది. శ్రీశైలం, సాగర్, పులిచింతల మూడింటికీ నాలుగేసి అంకెలు రాసుకుంటాను. ఇవాళ్టి మట్టం, ఇంకా పట్టే ఖాళీ, వచ్చేది, పోయేది.

ఇందులో జనం పట్టించుకోనిది ఖాళీ. నాకు మాత్రం ముఖ్యమైంది అదే. ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఇది మామయ్యగారు పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో రాసుకున్నారు.

ఉదాహరణకి పులిచింతలకి 4 లక్షలు వస్తున్నాయి, 3 లక్షలు వదులుతున్నారు, 10 టీఎంసీల ఖాళీ ఉంది అనుకుందాం. లోపల మిగులుతున్నది లక్ష. అంటే ఇరవైఎనిమిది గంటలు కాకుండానే ఆ ఖాళీ నిండిపోతుంది. నిండాక? 4 లక్షలొస్తే 4 లక్షలూ వదలాల్సిందే. ఇవాళ 3 లక్షలే కదా అని పడుకుంటే రేపు సాయంత్రానికి ఇంకో లక్ష కలుస్తుంది. అధికారి ఎవరైనా తప్పు చేశారా? లేదు. గోలెం నిండింది, అంతే.

అదే ఖాళీ 30 టీఎంసీలుంటే నేను నిశ్చింతగా టీ తాగుతాను.

వానాకాలం మొదట్లో, అంటే జూలైలో, డ్యాములు సగం ఖాళీగా ఉంటాయి. పెద్ద వరదొచ్చినా తాగేస్తాయి. ఆగస్టు చివరికి, సెప్టెంబరుకి అన్నీ నిండుకుండల్లా ఉంటాయి. అప్పుడు చిన్న వరదకి కూడా నేరుగా మనదాకా దారి ఉంటుంది. 2009ది అక్టోబరు, 2024ది సెప్టెంబరు. జూలై వరద కంటే సెప్టెంబరు వరదకి నేను ఎక్కువ భయపడతాను.

"మరి ముందే ఖాళీ చేసి పెట్టుకోవచ్చు కదా?" అని మా అబ్బాయి అడుగుతాడు. అడగడం తేలికే. నిండా పెట్టుకుంటేనే రబీకి, వేసవి తాగునీళ్లకి. ఖాళీ చేశాక వాన రాకపోతే సాగర్ కాలవ కింద రైతులు ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలి? వాళ్లూ మనలాంటి వాళ్లే. పైగా గోలేలు చిన్నవైపోతున్నాయి కూడా. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215. సాగర్ 408 నుంచి 312కి వచ్చింది. పూడిక. నా మటుకు నాకు, సెప్టెంబరులో ఎగువన పెద్ద వాన ఉందని వాతావరణ శాఖ చెప్పిన రోజునుంచే కొంచెం కొంచెంగా వదలడం మంచిదనిపిస్తుంది. వారం రోజులు 2 లక్షలు వస్తే మా దారి పోతుంది, కూరగాయల బేరం పోతుంది, అయినా ఫర్వాలేదు. ఒక్క రాత్రి 11 లక్షలు వస్తే తట్టుకోలేం.

ఎన్ని గంటలు చేతిలో ఉన్నాయి

పులిచింతలలో వదిలిన నీళ్లు బ్యారేజీకి రావడానికి మా పుస్తకం ప్రకారం సుమారు సగం రోజు. బ్యారేజీ నుంచి మా పాయకి ఐదు గంటలు. వరద పెద్దదైతే ఇంకా తొందరగా వస్తుంది.

ఇప్పుడు గడియారం చూడండి. పొద్దున 10 గంటలకి పులిచింతలలో గేట్లు ఇంకా పైకెత్తారు. రాత్రి 10కి ఆ నీళ్లు బ్యారేజీకి. తెల్లవారుజామున 3 గంటలకి మా పాయకి. అంటే మనం మంచి నిద్రలో ఉన్నప్పుడు దారి మునుగుతుంది. కాబట్టి మన నిర్ణయం మధ్యాహ్నం భోజనాల వేళకే అయిపోవాలి. చీకట్లో గేదెల్ని పాయ దాటించకూడదు, పిల్లల్ని అసలే దాటించకూడదు. "సాయంత్రం దాకా చూద్దాం" అనే మాట మా ఇంట్లో నిషేధం.

బ్యారేజీ అంకె చూసి కదిలేవాళ్లకి ఐదు గంటలు దొరుకుతాయి. పులిచింతల అంకె చూసేవాళ్లకి పదిహేడు గంటలు. సాగర్ అంకె చూసేవాళ్లకి ఇంకా ఎక్కువ. కాబట్టి మన నీళ్ల కన్నా పైనున్న నీళ్లు ముందు చూడాలి.

డ్యామ్ రిపోర్టులో కనబడని నీళ్లు

ఇంత లెక్క వేసినా 2024 సెప్టెంబరు 1న నా లెక్క తప్పింది. నేను పులిచింతల దాకానే చూశాను. పులిచింతలకీ బ్యారేజీకీ మధ్య మున్నేరు వచ్చి కృష్ణలో కలుస్తుంది. దాన్ని పట్టుకోవడానికి అలాంటి గోలెం ఏదీ లేదు. ఆ రోజు అదే మున్నేరు పైన ఖమ్మాన్ని ముంచింది. ఆ నీళ్లన్నీ నేరుగా బ్యారేజీకి. పైనుంచి సాగర్ నీళ్లు, పక్కనుంచి వాగుల నీళ్లు ఒకేసారి కలిసి, 2009 రికార్డు కూడా దాటి 11.43 లక్షలయ్యాయి. బ్యారేజీ తట్టుకునేలా కట్టింది 11.9 లక్షలకి. ఎంత అంచున ఉన్నామో చూడండి. పైగా అదే వరదలో పెద్ద పెద్ద పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకుని కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లకి తూకంగా ఉండే బరువు దిమ్మలు, దెబ్బతిన్నాయి.

అప్పటినుంచి నోటుబుక్కులో ఒక గడి పెంచాను, "ఖమ్మంలో వాన" అని. అక్కడ మా చెల్లెలుంది. "అక్కా, మున్నేరు బ్రిడ్జి దగ్గర జనం చూడ్డానికి పోతున్నారు" అని తను ఫోన్ చేస్తే నేను గేదెల పలుపులు చూసుకుంటాను.

విజయవాడలో మునిగిన సింగ్‌నగర్ సంగతి చాలామంది కృష్ణ ఖాతాలో వేస్తారు. కాదు. అది బుడమేరు వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు నుంచి ఆ నీళ్లని డైవర్షన్ కాలవలో కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ కాలవకి గండ్లు పడ్డాయి, ఊరి మీద పడింది. కృష్ణ నిండుగా ఉంటే ఆ కాలవ నీళ్లు కలవడానికీ చోటుండదు. అదే సమయంలో నది ఒడ్డునున్న కృష్ణలంకకి రిటైనింగ్ వాల్ అడ్డం నిలబడింది. మీరు ఏ నీళ్లకి దిగువన ఉన్నారో ముందు తెలుసుకోండి. కొందరు రెండిటికీ దిగువన ఉంటారు.

ఇంకోటి, ఎండ కాస్తుంటే వరద రాదనుకోవద్దు. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు ఊడి కొట్టుకుపోయింది. దాని స్థానంలో స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక అడ్డు దించాలంటే ముందు నీటిమట్టం తగ్గించాలి. అందుకని లోపలున్న నీళ్లు భారీగా కిందికి వదిలారు. వాన చినుకు లేకుండా మాకు వరదొచ్చింది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగింది కూడా. మనుషులు కట్టినవి, ఇనుముతో చేసినవి, పాతబడతాయి. 2021లో డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది. దాని ప్రకారం పెద్ద డ్యాములకి ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ ఉండాలి. గ్రామసభలో లేచి, "మా ఊరు ఆ ప్లాన్‌లో ఉందా? మాకు కబురు ఎవరు చెబుతారు?" అని అడగండి. నేను అడిగాను. మొదటిసారి నవ్వారు. రెండోసారి రాసుకున్నారు.

కదిలే వరస

పులిచింతలలో వదిలేది మీ మొదటి అంకెకి దగ్గరపడుతోందంటే పని మొదలు. మాది ఇలా ఉంటుంది.

ముందు మనుషుల్లో నెలలు నిండిన వాళ్లు, డయాలసిస్‌కి తిరిగేవాళ్లు, మంచంలో ఉన్న పెద్దవాళ్లు. వీళ్లు దారి ఉండగానే, ట్రాక్టరు మీద, పగటిపూట పోవాలి. మా అత్తయ్యగారు ఏటా "నేను రాను, ఎన్ని వరదలు చూశాను" అంటారు. వాదించను. ఆవిడ మందుల డబ్బా, తమలపాకుల సంచీ తీసుకెళ్లి ట్రాక్టర్లో పెడతాను. అవి వెళ్లిపోయాక ఆవిడా వస్తారు.

తర్వాత గేదెలు. ముందు పాడిగేదెని తోలితే దూడ వెనకాలే వస్తుంది. దూడని ముందు తీసుకెళ్లబోతే ఇద్దరితోనూ అవస్థ. కరకట్ట మీద చోటు ముందే మాట్లాడి పెట్టుకోండి. అందరూ ఒక్కరోజే వస్తారు కాబట్టి నీడ దొరకదు. రెండు రోజుల ఎండుగడ్డి ముందుగా చేర్చాలి. మనుషులకి పులిహోర పొట్లాలు వస్తాయి గానీ గేదెకి గడ్డి ఎవరూ తేరు. ఏ కారణంచేతనైనా గేదెని తీసుకెళ్లలేకపోతే పలుపు విప్పేయండి, పాక తలుపు తీసేయండి. గేదె ఈదుతుంది. కట్టేసిన గేదె ఈదలేదు.

పొలంలో మోటారు, స్టార్టరు డబ్బా విప్పి తెచ్చేయాలి. కరెంటు వాళ్లకి చెప్పి లైను ఆపించాలి. ఇది జనం మర్చిపోతారు, తిరిగొచ్చాక తడిసిన స్తంభం ముట్టుకుంటారు.

ఇంట్లో గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు తీసి, సిలిండర్ని స్తంభానికి తాడుతో కట్టండి. లేకపోతే బుడగలా తేలుతూ పోతుంది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మూత గట్టిగా ఉన్న పాలక్యాన్లో పెడతాను. ఫోటోలు తీసి అబ్బాయికి పంపిస్తాను. వడ్ల బస్తాలు అటక మీదకి. టీవీ కాపాడ్డానికి తిప్పలు పడకండి, దానికి వెచ్చించే అరగంటలో రెండు బస్తాలు ఎక్కించొచ్చు.

ఇంటి ముందు ఒక వెదురుగడ పాతండి. బెత్తెడు బెత్తెడుకి రంగు పట్టీలు వేయండి. నీళ్లు దానికి తగిలాక గంటకోసారి చూడండి. గంటకి ఒక పట్టీ మునుగుతుంటే ఇక ఇంట్లో దేనికోసమూ వెతక్కండి, బయల్దేరండి. మోకాలిదాకా పారే నీళ్లలో దిగవద్దు. చూడ్డానికి తక్కువే, కాలు లాగేస్తుంది.

సాయం కావాలంటే 1070, 112. లొకేషన్ పంపేటప్పుడు ఇంటి పేరు చెప్పకండి, పడవ వాళ్లకి తెలియదు. "రామాలయం వెనక, నీళ్ల ట్యాంకు పక్క" అని చెప్పండి.

"డ్యామ్ తెగిందంట!"

2009లో రాత్రి పదింటికి ఎవరో అరిచారు, సాగర్ తెగిందని. కరకట్ట మీద జనం చీకట్లో పరుగులు. అత్తయ్యగారు పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. సాగర్ తెగలేదు, ఇప్పటికీ అలాగే ఉంది. అలాంటి మాట వినబడితే ఒక్క ప్రశ్న వేయండి, "ఎవరు చెప్పారు, ఎంత వదులుతున్నారట?" అని. అంకె లేని కబురు ముందుకి పంపకండి. వాట్సాప్‌లో వచ్చే వీడియోలో తేదీ లేకపోతే అది ఏ ఏడాది వరదో ఆ దేవుడికే తెలియాలి. నిర్ధారణ కోసం పంచాయతీ వాళ్లకో, వీఆర్వోకో, కంట్రోల్ రూముకో ఫోన్ చేయండి. అలా అని భయపడ్డవాళ్లని ఎగతాళి చేయొద్దు. కొంచెం ముందుగా గట్టెక్కినవాడు నష్టపోయేది ఒక రాత్రి నిద్రే.

నీళ్లు తీశాక

బ్యారేజీ అంకె తగ్గిందని వెంటనే వెనక్కి వెళ్లకండి. పైన ఖాళీ ఎంత ఉందో, శ్రీశైలానికి ఇంకా ఎంత వస్తోందో చూడండి. పైన రెండూ నిండుగానే ఉంటే రెండో దెబ్బ రావచ్చు. మేం రెండు రోజులు వరసగా తగ్గితేనే కదులుతాం.

ఇంట్లోకి పగటిపూట, చెప్పులతో, చేతిలో కర్రతో వెళ్లాలి. ముందు కర్రతో గుమ్మం మీద గట్టిగా కొట్టండి. గడ్డివాము కింద, అటక మీద, బట్టల మూటలో పాములుంటాయి. వాటికీ ఇల్లు మునిగింది మరి. బోరునీళ్లు క్లోరిన్ వేయించి, మరిగించి తాగండి. మొదటి రెండు రోజులు గేదెల్ని బురదలో మేతకి వదలకండి, పశువుల డాక్టరుతో గొంతువాపు టీకా వేయించండి. నష్టం రాసేవాళ్లు వచ్చేలోపు బురద కడిగేయకుండా ఫోటోలు తీసిపెట్టుకోండి. ఒకసారి మేం శుభ్రంగా కడిగి ముగ్గు పెట్టాం. రాయడానికొచ్చినాయన చూసి, "ఇక్కడ నీళ్లు రాలేదు కదమ్మా" అని వెళ్లిపోయాడు.

చివరగా, గోడ మీద నీళ్ల మరక ఆరకముందే రంగు తీసుకుని దాని పక్కన గీత గీయండి. తేదీ రాయండి. తేదీ పక్కనే ఆ రోజు బ్యారేజీ అంకె కూడా రాయండి. మా బడి గోడ మీద అలాంటివి మూడు గీతలున్నాయి. కింది రెండింటి పక్కన తేదీలే ఉన్నాయి, అంకెలు లేవు. మూడోది నేను రాసింది.